పడుకుని చూసిన పెళ్లి

మొన్న భీమవరంలో మా ప్రసన్న పెళ్లికి వెళ్లినవాళ్లలో ముందొచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చుని చూశారు, వెనకొచ్చినవాళ్లు నిలబడి చూశారు. నేనూ మా ఆవిడా మాత్రం కొవ్వూరులో మా ఇంట్లోనే, మంచం మీద ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుని చూశాం. టీవీ కూడా మాతోపాటే పడుకుంది. దాన్ని అలా పడుకోబెట్టడానికి అర నిమిషం పట్టింది. పడుకోబెట్టకుండా పని జరిపిద్దామని నేను పడ్డ పాట్లకు వారం రోజులు పట్టింది. ఆ వారం సంగతే ఇది.

ముందు కన్ను సంగతి చెప్పాలి. మా ఆవిడ సత్యవతికి కుడి కంట్లో రెటీనా ఊడింది. గోడకి వేసిన సున్నం పెచ్చు లేచినట్టు లేచిందన్నారు. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి, కంటిలోపల ఒక గాలి బుడగ పెట్టారు. ఆ బుడగ లోపలినుంచి పెచ్చును గోడకి అదిమి పట్టాలి. అది సరైన చోట అదమాలంటే మనిషి ఎడమ పక్కకే పడుకోవాలి.

"పది రోజులు ఎడమ పక్కేనమ్మా. భోజనానికీ స్నానానికీ తప్ప లేవకండి. తల అటూ ఇటూ తిప్పారంటే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు డాక్టరు గారు.

"రెండో కంటితో టీవీ చూడొచ్చాండీ?" అని అడిగింది మా ఆవిడ.

"రోజుకో గంట చూడండి. తల మాత్రం దిండు మీదే ఉండాలి."

టీవీ గురించి ఎందుకడిగిందో నాకు తెలుసు. తొమ్మిదో రోజున ప్రసన్న పెళ్లి. ప్రసన్న మా ఆవిడ చెల్లెలి కూతురు. ఇంటర్ రెండేళ్లూ మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. రోజూ పొద్దున్నే వీధి గుమ్మం మెట్ల మీద పైన ఈవిడా కింద ఆ పిల్లా కూర్చునేవారు. జడ అల్లడం, పాఠం అప్పజెప్పించుకోవడం రెండూ ఒకేసారి. రసాయనశాస్త్రంలో ఎక్కడైనా తడబడితే జడ ఒక్క లాగు లాగేది. అలా లాగి లాగి ఆ పిల్లకు మంచి మార్కులు తెప్పించింది గాని, తనకు మాత్రం ఒక్క ఫార్ములా రాలేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు ఆ పిల్ల ఫోన్ చేసింది. నేను ఫోన్ మా ఆవిడ చెవి దగ్గర పెట్టాను.

"పెద్దమ్మా, ముహూర్తం మార్చమని నాన్నకి చెప్తాను."

"పిచ్చి మాటలు మాట్లాడకు. నా కంటి కోసం నీ పెళ్లి ఆగుతుందా?"

"అయితే విను. యూట్యూబ్‌లో లైవ్ పెట్టిస్తున్నారు. జీలకర్రా బెల్లం పెట్టే ముందు నేను ఒక్కసారి కెమెరా వైపు చూస్తాను. నీకోసమే చూస్తాను. అప్పుడు నువ్వు అవతల ఉండాలి. ఉంటావా?"

"ఉంటానే."

ఫోన్ తీసేశాక మా ఆవిడ చీర కొంగు కోసం తడుముకుంది.

"ఏడవకూడదన్నారు డాక్టరు గారు" అన్నాను.

"ఎవరు ఏడుస్తున్నారు? ఆపరేషన్ చేసిన కన్ను కదా, నీరు కారుతోంది."

ఆపరేషన్ చేసింది కుడి కంటికి. కారుతున్నది ఎడమ కన్ను.

ఫోన్లో చూపించడం కుదరని పని. ఎడమ కంటిలో కూడా శుక్లం మొదలైంది. అంత చిన్న తెర మీద పెళ్లికొడుకెవరో పురోహితుడెవరో ఆవిడకి తెలీదు. కాబట్టి పెద్ద టీవీయే కావాలి. కానీ పక్కకు పడుకున్న మనిషికి నిటారుగా ఉన్న టీవీలో అందరూ గోడ మీద బల్లుల్లా అడ్డంగా కనిపిస్తారు. బొమ్మను పక్కకు తిప్పాలి.

"టీవీని కూడా నాలాగే పక్కకు పడుకోబెడితే సరిపోదాండీ?" అంది మా ఆవిడ, మొదటి రోజే.

నేను నవ్వాను. సైటు మీద మేస్త్రి చెప్పిన సలహాకి ఇంజనీరు నవ్వే నవ్వు అది. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, కాలవల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాడిని. ఇంట్లో కంప్యూటర్ ఉండగా టీవీని దిండ్ల మీద పడుకోబెడతానా?

ఆ కంప్యూటర్ కథ కూడా కాస్త చెప్పాలి. అది పాతది. ఆన్ చేసి స్నానం చేసి వస్తే అప్పటికి తెర వెలిగేది. పొద్దున్నే గోష్పాదం రేవు దగ్గర నాతో నడిచే సూర్యారావు గారని ఒకాయన ఉన్నారు. ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయినేడాది ఒక పెన్ డ్రైవ్ తెచ్చి, కంప్యూటర్‌ని నడిపే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి లినక్స్ పెట్టారు. అప్పటినుంచి అది లేగదూడలా గంతులేస్తోంది. దాన్ని వైరుతో టీవీకి తగిలించి వాడుకుంటున్నాం.

బొమ్మను తిప్పడం మొదటిరోజే వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక బాణం నొక్కితే తిరిగింది. ఇంతేనా అనుకున్నాను. ఇంతలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక చూస్తే తెర యథాప్రకారం నిటారుగా నిలబడి ఉంది. పెళ్లి మధ్యలో కరెంటు పోతే? మళ్లీ తిప్పేలోగా ముహూర్తం దాటిపోతే?

కాలవల్లో పనిచేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. చివరి పొలానికి నీళ్లు అందకపోతే ఆ పొలం దగ్గర పారతో తవ్వుకుంటూ కూర్చోడు. కాలవ ఎక్కడ మొదలవుతుందో అక్కడికి వెళ్లి నీళ్లు వదిలే తలుపు సర్దుతాడు. అలాగే తెర ఎటు తిరగాలో మొదట్లోనే చెప్పే ఫైలు ఒకటి లోపల ఉంటుందని చదివాను. ఈ వైపు తిరుగు అని అందులో రాసిపెడితే కరెంటు ఎన్నిసార్లు పోయినా అలాగే లేస్తుంది.

సూర్యారావు గారికి చెప్పాను.

"ఆ ఫైలు జోలికి పోకండి ఇంజనీరు గారూ. ఒక్క లైను అటూ ఇటూ అయితే తెర నల్లబడిపోతుంది" అన్నారాయన.

"బ్యారేజీ గేట్లు ఎత్తించినవాడినండీ నేను."

"ఎత్తింది మీ కిందివాళ్లు కదండీ."

నాకు పౌరుషం వచ్చింది. నాలుగు రోజులు కూర్చుని చదివాను. ఫైలు నేనే రాశాను. ఏ పనికైనా ముందు నీళ్లకి పక్కదారి తవ్వుకోవాలని మా శాఖలో నేర్పారు కాబట్టి, పాత ఫైలుకు ఒక నకలు తీసి జాగ్రత్తగా దాచాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. రాయాల్సిందల్లా చివరికి ఒకే ఒక్క మాట దగ్గరికి వచ్చింది. తెర లెఫ్ట్‌కి తిరగాలా, రైట్‌కి తిరగాలా?

ఇక్కడ నది గురించి చెప్పకపోతే మీకు అర్థం కాదు. నదికైనా కాలవకైనా ఎడమ గట్టు, కుడి గట్టు అని ఉంటాయి. మనం ఎటు నిలబడ్డాం అన్నది లెక్కలోకి రాదు. నీళ్లు పారే వైపుకి మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపున్నది ఎడమ గట్టు. రాజమండ్రి ఎడమ గట్టు, మా కొవ్వూరు కుడి గట్టు. ముప్పై నాలుగేళ్లు ఈ లెక్కలోనే బతికాను. అన్నం కలిపేది ఏ చేత్తో అని అడిగినా ముందు నీళ్లు ఎటు పారుతున్నాయో చూసుకునే స్థితికి వచ్చాను.

పెళ్లయిన కొత్తలో ఒకసారి విజ్జేశ్వరంలో కాలవ లాకుల దగ్గర కలుసుకుందామని మా ఆవిడకి చెప్పాను. "ఎడమ గట్టు మీద నిలబడు, నేనొస్తాను" అన్నాను. పాపం ఆవిడ బస్సు దిగి, ఎదురుగా నీళ్లు వస్తున్న వైపు చూస్తూ, తన ఎడమ చేతి వైపు గట్టు మీద నిలబడింది. నేను అసలు ఎడమ గట్టు మీద నిలబడ్డాను. గంటన్నర. మధ్యలో కాలవ. చివరికి ఆవిడే నన్ను చూసి చెయ్యూపింది. నేను అటు వెళ్లాక, తప్పు ఆవిడది అని గట్టు మీద పుల్లతో బొమ్మ గీసి మరీ నిరూపించాను. ఆవిడ ఆ బొమ్మ వైపు చూసి "ఎండలో గంటన్నర నిలబడ్డానండీ" అంది. అంతే అంది.

సరే. పడకగదిలో మంచం మీద మా ఆవిడ తల దక్షిణానికి ఉంటుంది. ఎడమకి ఒత్తిగిలితే మొహం పడమటికి, కాబట్టి టీవీ ఉండాల్సింది పడమటి గోడ దగ్గర. బొమ్మ టీవీలోంచి మనిషి వైపుకి పారుతుంది. అంటే ప్రవాహం తూర్పుకి. ప్రవాహం పారే వైపుకి తిరిగి నిలబడితే దక్షిణం కుడి గట్టు. మా ఆవిడ తల కుడి గట్టున ఉంది. కాబట్టి రైట్. అలాగే రాశాను.

ఆవిడ నిద్రకి అడ్డం రాకూడదని పనంతా హాల్లోనే చేస్తున్నాను. రాశాక పరీక్ష చేయకుండా ఉంటానా? ఎవరిదో పెళ్లి వీడియో పెట్టి, హాల్లో టీవీ ముందు చాప వేసుకుని పక్కకు పడుకున్నాను. నా ఎడమ భుజం రెండేళ్లుగా పట్టేసి ఉంది. దాని మీద బరువు వేస్తే ప్రాణం పోతుంది. అందుకని కుడి పక్కకు పడుకున్నాను. పక్కంటే పక్కే కదా అనుకున్నాను. పెళ్లికొడుకు తల పైన, కాళ్లు కింద, అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే పక్కింటి వరలక్ష్మి గిన్నెలో పెరుగు పట్టుకుని వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, మమ్మల్ని బాబాయిగారూ పిన్నిగారూ అని పిలుస్తుంది. నేను నేల మీద పడి ఉండటం చూసి గిన్నె కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది.

"బాబాయిగారూ, ఏమైందండీ? కళ్లు తిరిగాయా?"

"తిరిగింది కళ్లు కాదమ్మా, టీవీ. నువ్వూ ఇలా పడుకుని చూడు."

ఆవిడ టీవీ వైపు చూసింది, నా వైపు చూసింది. "వద్దులెండి. పిన్నిగారు లేచాక ఓసారి మిమ్మల్ని కూడా డాక్టరుకి చూపించమంటాను" అంది.

పెళ్లి రోజు వచ్చింది. ముహూర్తం పొద్దున్న పది గంటల నలభై రెండు నిమిషాలకు. తొమ్మిదిన్నరకే వరలక్ష్మి సాయంతో టీవీనీ కంప్యూటర్‌నీ పడకగదిలోకి చేర్చాను. వెళ్లి చూద్దును కదా, మా ఆవిడ పట్టుచీర కట్టుకుని పడుకుని ఉంది. పెళ్లికని కొనుక్కున్న చీర. వరలక్ష్మి చేత కట్టించుకుంది. తలలో మల్లెపూలు కూడా పెట్టించుకుంది, కుడి వైపు మాత్రమే. ఎడమ వైపు పెడితే దిండుకి నలిగిపోతాయట. చేతికి అందేలా చిన్న పళ్లెంలో అక్షింతలు.

"బాగున్నావు" అన్నాను.

"సగమే కనిపిస్తున్నాను కదా, అందుకని" అంది.

పది దాటాక కంప్యూటర్ ఆన్ చేశాను. తెర పక్కకు తిరిగే లేచింది. నాకు ఛాతీ ఉప్పొంగింది. లైవ్ పెట్టాను. భీమవరంలో పెళ్లిమండపం, పూల పందిరి, సన్నాయి. మా ఆవిడ ఎడమ కన్ను చికిలించి కాసేపు చూసింది.

"ఏవండీ."

"చెప్పు."

"పందిరి కిందుంది. పీటలు పైనున్నాయి."

"సరిగ్గా చూడు."

"ఉన్నది ఒక్క కన్ను. దాంతో ఎంత సరిగ్గా చూడాలో అంతా చూస్తున్నాను. మా చెల్లెలు తలకిందులుగా వేలాడుతూ ఎవరికో కాఫీ ఇస్తోంది."

నేను వెంటనే నేల మీద పడుకుని చూశాను. "నాకు బాగానే ఉందే" అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న వరలక్ష్మి మెల్లిగా అంది. "బాబాయిగారూ, మీరు కుడి పక్కకు పడుకున్నారండీ."

నేను లేచి కూర్చున్నాను.

"మీరు ఎడమ, కుడి ఎలా లెక్కపెట్టారు?" అంది మా ఆవిడ.

"బొమ్మ టీవీలోంచి నీ వైపుకి పారుతుంది కదా. పారే వైపుకి తిరిగి నిలబడితే…"

"అయితే నన్ను మళ్లీ లాకుల దగ్గర నిలబెట్టారన్నమాట. అప్పుడూ ఇప్పుడూ నేను చూసేది పారే వైపుకి కాదండీ, వచ్చే వైపుకి."

గడియారం పదీ పదమూడు. బాణం నొక్కి సరిచేద్దామని మౌస్ పట్టుకున్నాను. తెర తిరిగి ఉంది కాబట్టి కుడికి తోస్తే గుర్తు కిందికి పోతోంది, పైకి తోస్తే కుడికి పోతోంది. ఏటికి అడ్డంపడ్డ గేదెను తోలినట్టుంది. సెట్టింగ్స్ దాకా తోలలేకపోయాను. ఇలా కాదు, ఫైలులో ఆ ఒక్క మాటే మార్చేద్దామని, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని నేల మీద కుడి పక్కకు ఒరిగి రైట్ తీసి లెఫ్ట్ రాశాను. తొందరలో దానితోపాటు కింది లైను కూడా చెరిగిపోయింది. నేను చూసుకోలేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను.

తెర నల్లగా అయింది. మూలన నాలుగు తెల్ల అక్షరాలు. పదీ ఇరవై ఆరు.

సూర్యారావు గారికి ఫోన్ చేశాను.

"నల్లగా ఉందండీ."

"ఏమైనా అడుగుతోందా?"

"పేరు అడుగుతోంది."

"చెప్పండి మరి. ఆ ఫైలు ముట్టుకున్నారా?"

"ఒక్క మాటేనండీ."

"పాతదాని నకలు ఉందా?"

"ఉందండీ."

"బతికించారు. దాన్ని వెనక్కి పెట్టండి. ఇంకేమీ చేయకండి. దయచేసి ఇంకేమీ చేయకండి."

ఆయన ఒక్కో మాటా చెప్తుంటే ఒక్కో అక్షరమూ కొట్టాను. మళ్లీ ఆన్ చేశాను. పదీ ముప్పై ఆరుకి తెర వెలిగింది. నిటారుగా. వారం క్రితం ఎక్కడ మొదలుపెట్టానో సరిగ్గా అక్కడ. పురోహితుడు అడ్డుతెర పట్టుకోమని ఎవరితోనో చెప్తున్నాడు. ప్రసన్న తలవంచుకుని కూర్చుంది. ఇంకో ఆరు నిమిషాలు. మళ్లీ ఆ ఫైలు తెరిచే ధైర్యం నాకు లేదు.

"పోనీలెండి, అడ్డంగానే చూస్తాను. అడ్డంగా ఉంటే మాత్రం ప్రసన్న కాకుండా పోతుందా" అంది మా ఆవిడ. అంటూనే, తనకు తెలియకుండానే, దిండు మీంచి తల ఎత్తబోయింది.

నేను గబుక్కున వెళ్లి చెంప మీద చెయ్యి వేసి ఆపాను. మల్లెపూలు చేతికి తగిలాయి. నా చేతికింద ఆ తల దిండు వైపుకి దిగింది గాని, కన్ను మాత్రం టీవీ మీదే ఉంది. ఆ కంట్లో నీళ్లున్నాయి. ఈసారి ఆపరేషన్ చేసిన కన్ను అని ఆవిడ అనలేదు.

"వరలక్ష్మీ, ఇంట్లో ఉన్న దిండ్లన్నీ పట్టుకురా" అన్నాను.

బల్ల మీద దిండ్లు పరిచాం. చెరోవైపూ టీవీని పట్టుకుని ఎత్తాం. నేను ఉత్తరానికి వంచుతున్నాను, వరలక్ష్మి దక్షిణానికి వంచుతోంది.

"ఎడమకి" అన్నాను.

"ఎవరి ఎడమండీ?" అంది వరలక్ష్మి.

మంచం మీంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నా తల ఎటుందో దాని తలా అటే పెట్టండి."

వారం రోజులు చదివిన చదువులో ఈ మాట ఎక్కడా లేదు. దక్షిణానికి పడుకోబెట్టాం. అర నిమిషం. కాకపోతే దాని కాళ్లు గాల్లో ఉండి, వదిలితే జారిపోతోంది. వరలక్ష్మి వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆవిడకి పెళ్లి కనిపించదు.

"మీరు కూడా పడుకోండి. లేకపోతే మీకు అడ్డంగా కనిపిస్తుంది" అంది మా ఆవిడ, కాస్త ముందుకి జరిగి.

ఆవిడ వెనకాల మంచం మీద, ఎడమ పక్కకు పడుకున్నాను. భుజం కేక పెట్టింది. నేను పెట్టలేదు.

"పిన్నిగారూ, ఏమవుతోందండీ?" టీవీ వెనకనుంచి వరలక్ష్మి.

"తెర అడ్డం పట్టారు. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. మా చెల్లెలికి కంగారెక్కువ, అప్పుడే కళ్లు తుడుచుకుంటోంది."

"అమ్మాయి ఏం చేస్తోందండీ?"

ప్రసన్న తలెత్తింది. చేతిలో జీలకర్రా బెల్లం ముద్ద. చుట్టూ అంతమంది ఉన్నా ఎవరివైపూ చూడకుండా, ఎక్కడో మూలనున్న కెమెరాను వెతుక్కుని నేరుగా మా గదిలోకి చూసింది. ఒక్క క్షణం. నిటారుగా, మాకు ఎదురుగా, జడ ముందుకి వేసుకుని.

"ఉన్నానే" అంది మా ఆవిడ, చాలా చిన్న గొంతుతో.

బాజాలు ఒక్కసారిగా మోగాయి. మా ఆవిడ గుప్పెడు అక్షింతలు తీసి టీవీ మీదికి విసిరింది. నేనూ విసిరాను. పళ్లెం ఖాళీ అయ్యేదాకా విసురుతూనే ఉన్నాం.

"అయిపోయిందాండీ? నా మీద పడుతున్నాయి" అంది వరలక్ష్మి.

"అయిపోయిందమ్మా. నీకూ మంచిదేలే" అంది మా ఆవిడ.

మధ్యాహ్నం ప్రసన్న ఫోన్ చేసింది. "పెద్దమ్మా, కనిపించానా?"

"కనిపించావు. బాసికం కొంచెం ఎడమకి జారింది."

"ఎడమకా? కుడికి జారిందని అమ్మ సర్దిందే!"

మా ఆవిడ నా వైపు ఒక్క చూపు చూసింది. "ఈ ఇంట్లో ఎడమ, కుడి ఎవరు చెప్పినా నమ్మకు" అంది.

తర్వాత డాక్టరు గారు చూసి పెచ్చు చక్కగా అతుక్కుందన్నారు. మా ఆవిడ లేచి తిరుగుతోంది. టీవీ మళ్లీ హాల్లోకి వచ్చి నిటారుగా నిలబడింది. కానీ దాన్ని కాస్త కదిపితే చాలు, లోపల గలగలమంటోంది. పడుకోబెట్టి ఉంచినప్పుడు పక్కనుండే సందుల్లోంచి అక్షింతలు లోపలికి పోయినట్టున్నాయి. వెనక ఎనిమిది మరలున్నాయి. విప్పి దులిపేద్దామని నిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను.

"మర ఊడాలంటే ఎటు తిప్పాలి?" అని అడిగింది మా ఆవిడ, వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఎడమకి" అన్నాను.

ఆవిడ వచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, బీరువాలో పెట్టి తాళం వేసింది.